ఒక్కడికి వండుకునే రైతు

ఈసారి సభ్యత్వ నమోదుకు చిల్లకల్లులో ఇంటింటికీ తిరుగుతూ ఒక ఇంటి తలుపు కొట్టాం. పొద్దున ఎనిమిది గంటలప్పుడు. తలుపు తీసిన మనిషి చేతిలో గరిటె ఉంది. భుజం మీద తువ్వాలుకు పసుపు మరకలు. "లోపలికి రండిరా, పప్పు అడుగంటుతోంది" అంటూ మళ్లీ పొయ్యి దగ్గరికి పోయాడు. మేము వంటింటి గడప దగ్గరే నిలబడి రసీదు రాశాం. ఎన్నో ఏళ్లుగా సంఘంలో ఉన్న మనిషి. ధర్నాలో చూశాం, మార్కెట్ యార్డులో చూశాం, కాలువ గట్టు మీద నీళ్ల కోసం కొట్లాడుతుంటే చూశాం. వంటింట్లో చూడటం మాత్రం అదే మొదలు.

ఆయన పేరు రాయడం లేదు, ఆయనే వద్దన్నాడు. మేము బాబాయ్ అని పిలుస్తాం, ఇక్కడా అలాగే రాస్తాం. వయసు 58. పిన్ని పోయి రెండేళ్లయింది. కొడుకు హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాడు, కూతురు ఖమ్మం వైపు అత్తగారింట్లో ఉంది. ఊళ్లో మిగిలింది ఆయన, ఎకరంన్నర సొంత చేను, మూడెకరాల కౌలు.

ఆ రోజు తిరిగిన వీధుల్లోనే ఇలాంటి ఇళ్లు ఇంకొన్ని కనిపించాయి. భార్య పోయాక ఒంటరిగా వండుకుని, ఒంటరిగా తిని, ఒంటరిగా చేనుకు పోయే మగవాళ్లు. పత్తి ధర గురించి, మిర్చి ధర గురించి, సాగర్ నీళ్ల గురించి మనం నెలనెలా రాస్తూనే ఉన్నాం. ఈ మనుషుల గురించి ఎప్పుడూ రాయలేదు. జాలి పుట్టించడానికి ఇప్పుడు రాయడం లేదు. ఇది కూడా వ్యవసాయ సమస్యేనని మా అభిప్రాయం. అదెలాగో చెబుతాం.

ఆయన రోజు, ఆయన తిండి

బాబాయ్ తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తాడు. వాకిలి ఊడ్చి నీళ్లు చల్లుతాడు. ముగ్గు లేదు. ప్యాకెట్టు పాలతో టీ పెట్టుకుంటాడు. తర్వాత వంట. రోజుకు ఒక్కసారే వండుతాడు. అన్నం, దాంతో ఒక పప్పో కూరో. అందులోంచే పొద్దున కొంచెం తిని, కొంచెం క్యారేజీలో పెట్టుకుని చేనుకు పోతాడు. రాత్రికి మిగిలింది మజ్జిగ పోసుకుని తింటాడు. టమాటా పప్పు, దోసకాయ పప్పు, వంకాయ కూర, కోడిగుడ్డు, వారమంతా ఇవే తిరుగుతుంటాయి. ఏమీ చెయ్యబుద్ధి కాని రోజు చింతపండు, పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ పిసికి పచ్చిపులుసు.

మందు కొట్టిన రోజు ఆ మాత్రమూ ఉండదు. సాయంత్రం ఇంటికొచ్చి ఒళ్లు కడుక్కునేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. ఆ పూట రెండు అరటిపళ్లు, పావుకిలో మిక్చరు. జగ్గయ్యపేట పోయిన రోజు కర్రీ పాయింటులో ఒక కూర ప్యాకెట్టు. ఆ ఒక్కటే రెండు పూటలకు. "ఇద్దరికి వండితే వంటరా, ఒక్కడికి వండుకుంటే వెట్టి" అన్నాడు.

మొదట్లో ఆయనకు ఎసరు కూడా తెలియదు. సోలెడు బియ్యానికి ఎన్ని నీళ్లో పిన్నికి చేతి వేళ్లకే తెలుసు, ఎక్కడా రాసి పెట్టలేదు. ఆమె మంచాన పడ్డాక, మంచం మీద నుంచే చెబుతూ ఆయనతో వండించింది. ఉప్పు ఎప్పుడెయ్యాలి, పోపు ఎప్పుడు దించాలి, కందిపప్పు ఎంతసేపు నానాలి, అన్నీ ఆ నాలుగు నెలల్లోనే నేర్చుకున్నాడు. ఒక్క ఆవకాయ నేర్చుకోలేదు. ఆమె పెట్టిన జాడీ ఒక ఏడాది వచ్చింది. నిరుడు వేసవిలో కాయలు కొనలేదు. "పక్కింటోళ్లను అడిగితే ఇస్తార్లే బాబాయ్" అన్నాం. "ఇస్తారు. కానీ అడగాలిగా" అన్నాడు.

ఆకలి వేరు, అడగలేకపోవడం వేరు. మన ఊళ్లలో తిండి లేక చచ్చేవాళ్లు ఇప్పుడు తక్కువే. రేషను బియ్యం వస్తున్నాయి. కానీ ఒట్టి అన్నం తిండి కాదు. రోజు మొత్తం తిండిలో గింజధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో చెప్పింది. మిగతాది పప్పులు, కూరగాయలు, పాలు, గుడ్లు, మాంసం, నూనెగింజల నుంచి రావాలి. బాబాయ్ కంచంలో ముప్పాతిక వంతు అన్నమే. బీపీ మాత్రలు వేసుకునే మనిషి, రాత్రిపూట ఉప్పుకల్లు నంజుకుని మజ్జిగన్నం తింటున్నాడు.

గేదె ఎందుకు పోయింది

ఆ ఇంట్లో రెండేళ్ల కిందటి దాకా గేదె ఉంది. పిన్ని పోయిన మూడో నెలలోనే అమ్మేశాడు. పొద్దున పాలు తీసి, కేంద్రంలో పోసి, గడ్డి వేసి, పేడ ఎత్తి, ఆ తర్వాత వండుకుని చేనుకు పోవాలంటే ఒక్కడి వల్ల కాలేదు. గేదెతో పాటు పాల డబ్బు పోయింది, పెరుగు పోయింది, ఎరువు పోయింది. ఇప్పుడు పెరుగు ప్యాకెట్టు కొంటున్నాడు, పేడ ఎరువుకు బదులు ఇంకో కట్ట ఎరువు కొంటున్నాడు.

చేలోనూ అంతే. పిన్ని ఉన్నప్పుడు పత్తి సాళ్ల మధ్య కంది, గట్ల వెంట బెండ, గోరుచిక్కుడు, ఒక మూల గోంగూర ఉండేవి. ఇవి ఏ పంట లెక్కలోనూ రాసేవి కావు. కానీ ఆ ఇంటి కూర అక్కడి నుంచే వచ్చేది. ఇప్పుడు గట్టు మీద గడ్డిమందు కొడుతున్నారు. గోంగూర కట్ట కూడా కొనుక్కోవాల్సిందే. ఒకప్పుడు ఈ మెట్టలో జొన్న, సజ్జ, కంది, పెసర పండించి తినేవాళ్లం. పత్తికీ మిర్చికీ మారాక పండించేది ఒకటి, తినేది ఒకటి అయింది. "పత్తి పండించినోడు పత్తి తినలేడు, మిరపకాయ పండించినోడు మిరపకాయలతో కడుపు నింపుకోలేడు" అని బాబాయ్ అన్న మాట నవ్వులాటకు అన్నది కాదు.

అంటే భార్య పోయిన రైతు ఇంట్లో పోయేది ఒక్క మనిషి కాదు. ఆ మనిషి వెనక నడిచే చిన్న వ్యవసాయం మొత్తం పోతుంది. పాడి, పెరటి కూర, విత్తనాల దాపు, కూలోళ్లతో మాట్లాడుకోవడం, ఇవన్నీ ఆమె చేతిలో ఉన్నవే. మనం వాటిని ఎప్పుడూ వ్యవసాయం అనుకోలేదు. ఇంటిపని అనుకున్నాం.

ఇంటిమనిషి కూలి ఎంత?

ఇక్కడే మద్దతు ధర సంగతి వస్తుంది. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ సాగు ఖర్చును మూడు రకాలుగా కడుతుంది. విత్తనం, ఎరువు, పురుగుమందు, కూలీలు, డీజిలు, కౌలు వంటివాటికి రైతు చేతి నుంచి పెట్టింది ఏ2. ఇంటిమనుషులు చేలో చేసిన కష్టానికి విలువ కట్టి కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్.ఎల్. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సి2. స్వామినాథన్ అధ్యక్షతన 2004లో ఏర్పడి 2006లో చివరి నివేదిక ఇచ్చిన జాతీయ రైతు కమిషన్, ఖర్చు మీద కనీసం 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని చెప్పింది. ఆ ఖర్చంటే సి2 అని రైతు సంఘాలన్నీ అడుగుతున్నాయి. కేంద్రం 2018 బడ్జెట్ నుంచి ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని చెబుతున్నది ఏ2 ప్లస్ ఎఫ్.ఎల్. మీదే.

ఆ ఎఫ్.ఎల్. అనే రెండక్షరాల్లో పిన్ని ఉంది. పత్తి తీసింది, కలుపు తీసింది, మిరప నారు నాటింది. కానీ కూలోళ్లకు మజ్జిగ మోసింది లేదు, రాత్రి కూర్చుని విత్తనాలు ఏరింది లేదు, నలుగురికి వండి క్యారేజీ కట్టింది లేదు. చేలో ఉన్నంతసేపే ఆమె లెక్కలో ఉంది. ఇంటికి రాగానే లెక్కలోంచి పోయింది.

ఆమె పోయాక ఏమైంది? ఆమె తీసే పత్తికి కూలి మనిషిని పెట్టాడు. ఆమె తీసే కలుపుకు కూలి పెట్టాడు. నిన్నటి దాకా ఎఫ్.ఎల్. అయినది ఇవాళ ఏ2 అయింది, అంటే చేతి నుంచి డబ్బు పోయే ఖర్చయింది. చేను అదే, పంట అదే, మద్దతు ధర అందరికీ ఒక్కటే. 2025-26కు పొడుగు పింజ పత్తికి 8,110 రూపాయలు, మధ్యరకానికి 7,710. అదీ తేమ పన్నెండు శాతం లోపు ఉంటే, కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదై స్లాటు దొరికితే. మిర్చికి అసలు మద్దతు ధరే లేదు. 2025 ఫిబ్రవరిలో ధర కుప్పకూలాక కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది, అది కూడా రోడ్డెక్కితే వచ్చింది.

బాబాయ్ ఒక మాట అడిగాడు: "మీ పిన్ని ఉన్నప్పుడు కూడా గిట్టుబాటు కాలేదురా. ఆమె కష్టం ఊరికే వచ్చింది గనక గిట్టినట్టు కనబడింది. అంతేగా?" అంతే. సి2 మీద యాభై శాతం అని మనం అడిగేటప్పుడు ఈ సంగతి కూడా గట్టిగా చెప్పాలి. ఆడవాళ్ల కష్టానికి కట్టే విలువ పెరగాలి. అది కాగితం మీద అంకె కాదు. అది నిజంగా ఎంతో భార్య పోయిన ఇంట్లో తెలుస్తోంది.

పథకాల్లో ఈ మనిషి ఎక్కడ?

మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి సామాజిక పింఛను నెలకు 4,000 రూపాయలు. వృద్ధులకు అరవై ఏళ్లు నిండితే వస్తుంది. వితంతువులకు ఉంది, ఒంటరి మహిళలకు ఉంది. భార్య పోయిన మగవాడికి ఆ పేరుతో పింఛను లేదు. 58 ఏళ్ల బాబాయ్ ఇంకో రెండేళ్లు ఆగాలి. భర్త పింఛను తీసుకుంటూ చనిపోతే భార్యకు మరుసటి నెల నుంచే ఇచ్చే పద్ధతి 2024 నవంబరులో మొదలైంది. మంచి పని, స్వాగతించాం. ఇంటికి ఒకే పింఛను నిబంధన వల్ల భార్య పేరున వచ్చేది ఆమెతోనే ఆగిపోయిన ఇంట్లో మాత్రం భర్త మళ్లీ మొదటి నుంచి అర్జీ పెట్టుకోవాలి.

కేంద్రం ఇచ్చేది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద అరవై నుంచి 79 ఏళ్ల వృద్ధుడికి కేంద్రం వాటా నెలకు 200 రూపాయలు. వితంతువుకు 300. ఏళ్ల తరబడి ఆ అంకెలు కదల్లేదు. రైతుకు ప్రత్యేకమైన పింఛనంటూ 2019 సెప్టెంబరులో ప్రారంభించిన కిసాన్ మాన్‌ధన్ పథకంలో చేరాలంటే వయసు 18 నుంచి 40 లోపు ఉండాలి. ఆ రోజుకే నలభై దాటిన రైతులకు అందులో చోటే లేదు. మన సభ్యుల్లో ఎక్కువమంది వాళ్లే.

దారి లేక కాదు. హర్యానా ప్రభుత్వం 2023 జూలైలో, నలభై ఏళ్లు దాటి భార్య పోయిన మగవాళ్లకు, ఏటా మూడు లక్షల లోపు ఆదాయం ఉంటే, నెలకు 2,750 రూపాయల పింఛను ప్రకటించింది. అక్కడ ఇవ్వగలిగింది ఇక్కడ ఎందుకు ఇవ్వలేరు?

మా మీద ఒక విమర్శ వస్తుందని తెలుసు. సంఘంలోని అక్కచెల్లెళ్లే అన్నారు: "భర్త పోయిన ఆడదాని కష్టం ముందు ఇదెంత?" నిజమే. వితంతువుల సంఖ్య చాలా ఎక్కువ, వాళ్ల కష్టమూ ఎక్కువే. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించే నాటికి, భార్య పోయిన మగవాడు ఏడాది తిరక్కుండా పెళ్లి చేసుకుంటే ఎవరూ వేలెత్తి చూపలేదు, భర్త పోయిన ఆడపిల్ల మాత్రం మూలన కూర్చోవాల్సి వచ్చింది. ఇవాళ కూడా అప్పులతో భర్త ఉరేసుకున్న ఇంట్లో ఆ అమ్మ పడే బాధ ముందు ఏదీ నిలవదు. అందుకే స్పష్టంగా చెబుతున్నాం. వితంతు పింఛనులో ఒక్క రూపాయి తగ్గించి మగవాళ్లకు ఇమ్మని మేము అడగడం లేదు. ఎవరూ లేక, ఆదాయం లేక, ఒంటరిగా బతికే సన్నకారు రైతుకు, కౌలు రైతుకు, కూలీకి, ఆడైనా మగైనా, అరవై దాకా ఆగకుండా పింఛను ఇమ్మంటున్నాం.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. అన్నం వండటం రాక మగవాడు కష్టపడుతున్నాడంటే అందులో సర్కారు తప్పు ఒక్కటే లేదు. మనం పెంచుకున్న పద్ధతి తప్పు కూడా ఉంది. ముప్పై ఏళ్లు ఆమె ఒక్కతే పొయ్యి ముందు కూర్చుంటే, మనం కంచం ముందు కూర్చున్నాం. మన కొడుకులకైనా వంట నేర్పుదాం.

ఇప్పటికే ఉన్న హక్కులు

కొత్తవి వచ్చేలోపు, ఉన్నవైనా తీసుకోవాలి. చాలామందికి తెలియనివి కొన్ని రాస్తున్నాం.

అంత్యోదయ కార్డుకు నెలకు 35 కిలోల ధాన్యం వస్తుంది. మామూలు కార్డులో ఒక్కడే మిగిలితే ఐదు కిలోలు. ఎవరి ఆసరా, నికరమైన బతుకుదెరువు లేని ఒంటరి స్త్రీలతో పాటు ఒంటరి పురుషుల్ని కూడా అంత్యోదయ కింద తీసుకోవచ్చని కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది. మగవాళ్లకు ఇవ్వరనే మాట సరికాదు. అర్హులైనవాళ్లంతా అర్జీ పెట్టాలి, కాగితం మీదే జవాబు అడగాలి. 2025 జూన్ నుంచి బండ్లు ఆగి మళ్లీ రేషను దుకాణాలే వచ్చాయి. అరవై అయిదు దాటినవాళ్లకు, వికలాంగులకు సరుకు ఇంటికే తెచ్చి ఇవ్వాలి. ఇవ్వకపోతే సంఘానికి చెప్పండి.

భూమి భార్య పేరున ఉన్నవాళ్లు జాగ్రత్తగా వినండి. బాబాయ్ ఎకరంన్నర పిన్నికి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. పీఎం కిసాన్ డబ్బు ఆమె ఖాతాలోనే పడేది. ఆమెతో పాటే ఆగిపోయింది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా చనిపోయిన స్త్రీ ఆస్తి మొదట కొడుకులు, కూతుళ్లు, భర్త సమానంగా పంచుకుంటారు. కాబట్టి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, పిల్లలతో మాట్లాడుకుని పాసుపుస్తకంలో పేరు మార్పించుకోవాలి. పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి పేరు మారితే పనికిరాదనే నిబంధన ఉంది, కానీ వారసత్వంగా వచ్చిన భూమికి అది వర్తించదు. 2025 ఆగస్టు 2న మొదలైన అన్నదాత సుఖీభవ కూడా పీఎం కిసాన్‌తో కలిపే 20,000. పేరు మారకపోతే రెండూ పోతాయి. ఈ-పంట నమోదు, పంట రుణం, పత్తి అమ్మకం అన్నీ ఆ కాగితం మీదే నడుస్తాయి.

బాబాయ్ ఈ కాగితాల కోసం చేను పని మానుకుని ఎన్నోసార్లు తిరిగాడు. ఒకచోట కొడుకు సంతకం కావాలన్నారు, కొడుకు వచ్చిన రోజు సంతకం పెట్టించుకునే మనిషి లేడు. భార్య పోయిన దుఃఖం ఒకవైపు, ఆమె చచ్చిపోయిందని పదిచోట్ల రుజువు చెయ్యడం ఒకవైపు. మరణ ధ్రువపత్రం ఇచ్చిన రోజే సచివాలయంలో ఒకే అర్జీతో భూమి పేరు మార్పు, రేషను కార్డు సవరణ, గ్యాసు కనెక్షను మార్పు, పింఛను అన్నీ మొదలయ్యేలా చెయ్యాలి. చాలా ఇళ్లలో గ్యాసు ఆడవాళ్ల పేరునే ఉంటుంది. ఉచిత సిలిండరు రాయితీ ఆగిపోతే గాని ఆ సంగతి గుర్తు రాదు. భార్య డ్వాక్రా సంఘంలో దాచుకున్న పొదుపు ఏమైందో కూడా అడగండి, అది వారసులకు రావాల్సిన డబ్బే.

పిల్లలు పూర్తిగా వదిలేసినవాళ్లకు 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ఉంది. తల్లిదండ్రులైతే అరవై నిండకపోయినా అర్జీ పెట్టుకోవచ్చు. మన ప్రాంతానికి నందిగామ ఆర్డీవో దగ్గర. బిడ్డల మీద కేసు పెట్టడానికి ఏ తండ్రికీ చెయ్యి రాదు, ఆ సంగతి తెలుసు. కానీ ఆస్తి రాయించుకుని అన్నం పెట్టని చోట ఆ రాసింది రద్దు చేయించుకోవడానికి కూడా ఆ చట్టంలో వీలుంది. రాసిచ్చేటప్పుడే పోషణ షరతు దస్తావేజులో పెట్టించుకోండి. సలహాకు వృద్ధుల సహాయ నంబరు 14567.

ఊరి పొయ్యి

బాబాయ్‌ని కొడుకు హైదరాబాదు తీసుకుపోయాడు. పదకొండు రోజులు ఉండి వచ్చేశాడు. కోడలు బాగానే చూసింది. "పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలిరా? చేను లేదు, మాట్లాడే మనిషి లేడు" అన్నాడు. జాతీయ రహదారి మన ఊరి మీదుగానే పోతుంది. పిల్లలంతా ఆ దారిన పోయినవాళ్లే. ముసలివాళ్లను కూడా ఆ దారినే పంపడం పరిష్కారం కాదు. ఉన్న ఊళ్లోనే వాళ్లకు రెండు పూటలా మంచి తిండి దొరకాలి.

పట్టణాల్లో అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. పూటకు ఐదు రూపాయలు. మంచిదే. కానీ చిల్లకల్లు నుంచి, వత్సవాయి నుంచి, పెనుగంచిప్రోలు నుంచి పూటపూటకూ పట్టణం పోయి తినలేరు. బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే పొయ్యి ప్రతి ఊళ్లోనూ ఉంది. వండే మహిళలు ఉన్నారు, వాళ్లకు ఇచ్చే గౌరవ వేతనం చాలడం లేదు. పంచాయతీ పూనుకుని ఆ మహిళలకే సరైన కూలి ఇచ్చి, ఒంటరి వృద్ధులకు, ఒంటరి రైతులకు, చంటిబిడ్డల తల్లులకు విడిగా ఒక పూట వండించవచ్చు. పిల్లల బియ్యంలో చెయ్యి పెట్టకుండా, దీనికి వేరే కేటాయింపు ఉండాలి. కేరళలో కుటుంబశ్రీ మహిళలు 2020 నుంచి జనకీయ హోటళ్లు పెట్టి 20 రూపాయలకు భోజనం పెట్టారు. గుజరాత్‌లోని మెహసానా జిల్లా చందంకి గ్రామంలో పిల్లలు వలసపోయాక పెద్దవాళ్లంతా ఇళ్లలో పొయ్యి వెలిగించడం మానేసి, తలాకొంత వేసుకుని ఒకేచోట వండించుకుని కలిసి తింటున్నారు. తిండి ఒక్కటే కాదు, ఇవాళ ఎవరు రాలేదో అక్కడ తెలిసిపోతుంది.

ఎవరు రాలేదో తెలియడం ఎంత ముఖ్యమో 2024 ఆగస్టు 31 రాత్రి మనకు అర్థమైంది. జగ్గయ్యపేట ప్రాంతంలో ఆ వాన, పాలేరు పొంగి గరికపాడు దగ్గర వంతెన దెబ్బతిని రహదారి ఆగిపోవడం అందరం చూశాం. ఆ రాత్రి ఒంటరిగా నిద్రపోతున్న మనుషుల్ని లేపింది పక్కింటివాళ్లు. ఏ జాబితాలోనూ వాళ్ల పేర్లు లేవు.

మనం చెయ్యాల్సింది

ప్రభుత్వాన్ని అడిగే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకుంటున్నాం. పిన్ని పోయినప్పుడు సంఘం తరఫున వెళ్లాం, దండ వేశాం, పెద్దకర్మకు భోజనం చేసి వచ్చాం. మళ్లీ ఆ ఇంటి తలుపు కొట్టింది సభ్యత్వం రసీదు పుస్తకంతోనే. దినాలు అయిపోయాకే ఆ ఇంట్లో ఒంటరితనం మొదలవుతుందని మాకు తట్టలేదు.

అందుకే ప్రతి గ్రామ శాఖకూ నాలుగు పనులు చెబుతున్నాం. ఊళ్లో ఒంటరిగా ఉంటున్న రైతుల, కౌలు రైతుల, కూలీల జాబితా తయారు చెయ్యండి, ఆడ మగ ఇద్దరివీ. ప్రతి ఇంటికీ ఒక సభ్యుణ్ని బాధ్యుడిగా పెట్టండి, రోజుకొకసారి పలకరించడం ఆయన పని. ఆ ఇళ్లలో పురుగుమందు డబ్బాలు ఉంచకండి. చేలో తాళం వేసిన పెట్టెలోనో, బాధ్యుడి దగ్గరో ఉంచండి. మాట తగ్గించి, సారాయి పెంచిన మనిషి కనబడితే తిట్టకుండా పక్కన కూర్చోండి, అవసరమైతే టెలీ మానస్ 14416కు ఫోను చేయించండి, ఎప్పుడు చేసినా ఖర్చు లేదు. నాలుగోది, శాఖ సమావేశం జరిగిన రోజు టీ బిస్కెట్లతో సరిపెట్టకుండా కలిసి వండుకుని కలిసి తినండి. వంట మగవాళ్లే చెయ్యాలి.

ప్రభుత్వం ముందు పెట్టే కోర్కెలు ఇవి. ఆసరా లేని ఒంటరి రైతులకు, కూలీలకు యాభై ఏళ్ల నుంచే పింఛను. ఒంటరి పురుషులకు కూడా అంత్యోదయ కార్డులు. మరణం నమోదైన నెలలోపు ఒకే అర్జీతో పేరు మార్పులన్నీ. ప్రతి పంచాయతీలో భోజనశాల. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 200 నుంచి పెంపు. సి2 మీద 50 శాతం కలిపి చట్టబద్ధమైన మద్దతు ధర, అందులో ఇంటి ఆడవాళ్ల కష్టానికి న్యాయమైన విలువ.

ఇదంతా బాబాయ్‌కి చదివి వినిపించాం. పింఛను సంగతి విని "అది వచ్చేసరికి నాకు అరవై నిండుతాయిలే" అన్నాడు. పంచాయతీ భోజనశాల సంగతి విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మీరన్న సమావేశం ఎప్పుడు? పప్పు నేను చేస్తా. కందిపప్పు మాత్రం ఊళ్లో పండింది తెండి, ప్యాకెట్టుది వద్దు" అన్నాడు.

వచ్చే నెల మొదటి ఆదివారం చిల్లకల్లు శాఖ సమావేశం. మిగతా శాఖల కార్యదర్శులు జాబితాలు పట్టుకుని రావాలి. భోజనం అక్కడే.